యూనివర్సిటీ విద్యార్థుల శారీరక శ్రమ తేల్చడానికి ప్రశ్నావళి ఒక్కటీ సరిపోతుందా?

#1 థీసిస్_తిప్పలు

అందరికీ నమస్కారం. పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తున్నాను. థీసిస్ టాపిక్ ఖాయమైంది: యూనివర్సిటీ విద్యార్థుల్లో శారీరక శ్రమ స్థాయి. మా గైడ్ గారు ఐప్యాక్ (గత 7 రోజుల శ్రమ గురించి అడిగే అంతర్జాతీయ ప్రశ్నావళి, IPAQ) చిన్న ఫారం వాడమన్నారు. ఉన్నవి 7 ప్రశ్నలే కదా, ఆన్‌లైన్ ఫారం చేసి క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో పడేస్తే 384 మంది ఇట్టే వచ్చేస్తారు, పనైపోతుంది అంటారు.

సరేనని పైలట్‌గా కొంతమందికి ఇచ్చి చూశాను. జవాబులు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకతను తీవ్రమైన శ్రమ వారానికి 7 రోజులు, రోజుకి 6 గంటలు అని రాశాడు. ఇంకొకరు ఓ మోస్తరు శ్రమ 5 రోజులు, 300 నిమిషాలు అన్నారు. ఒకమ్మాయి అన్నిటికీ సున్నా పెట్టింది, ఆఖరికి నడకకి కూడా. మరి క్లాసుకి ఎగిరి వస్తోందా?

ఇలాంటి వాటిని ఏం చేయాలి? అసలీ ప్రశ్నావళి నమ్మదగిందేనా? పరికరాలేవీ లేకుండా చేస్తే రేపు వైవాలో నిలబడుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

#2 గణాంకాల_గోల

ముందు ఆ 6 గంటల వీరుడి సంగతి. ఐప్యాక్ లెక్కల నియమాల్లోనే దీనికి మందుంది. తీవ్ర శ్రమ, మోస్తరు శ్రమ, నడక, ఈ మూడింట్లో ఏదైనా రోజుకి 180 నిమిషాలు దాటితే 180కి కుదించాలి. మూడూ కలిపి రోజుకి 960 నిమిషాలు, అంటే 16 గంటలు దాటితే ఆ ఫారం మొత్తం పక్కన పెట్టేయాలి, మనిషి ఎలాగూ 8 గంటలు నిద్రపోతాడనే లెక్కన.

ఇప్పుడు అతని లెక్క వేద్దాం. మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పటి కంటే ఎన్ని రెట్లు శక్తి ఖర్చవుతుందో చెప్పే కొలత. తీవ్ర శ్రమకి 8 మెట్. రాసింది రాసినట్టు తీసుకుంటే 8 × 360 × 7 = 20,160 మెట్-నిమిషాలు. కుదించాక 8 × 180 × 7 = 10,080. (వారంలో ఉండే నిమిషాలు కూడా సరిగ్గా 10,080. కాకతాళీయమే గానీ నాకు భలే నచ్చింది.) ఐప్యాక్‌లో తక్కువ, మధ్యస్థం, అధికం అని మూడు వర్గాలు. సగానికి సగం తెగ్గోసినా అతను 'అధిక' వర్గంలోనే కూర్చుంటాడు. ఎందుకంటే తీవ్ర శ్రమ కనీసం 3 రోజులు చేసి మొత్తం 1500 దాటితే చాలు, అధికం కింద లెక్క. కుదింపు వల్ల ఒక్కడు మొత్తం లెక్కని లాక్కుపోకుండా ఉంటాడు, అంతే. అబద్ధాన్ని అది పట్టుకోదు.

అందుకే సగటు, ప్రామాణిక విచలనం రాసి ఊరుకోకండి. మీడియన్ (వరసలో నడిమి విలువ), దాని పక్కన క్వార్టైల్స్ (వరసని నాలుగు భాగాలు చేసే విలువలు) ఇవ్వండి. ఐప్యాక్ వాళ్లు చెప్పేదీ అదే.

ఇక 384. ఆ అంకె ఎక్కడిదో మీ గైడ్ గారిని అడగండి, ఆసక్తిగా ఉంటుంది. 50 శాతం ప్రాబల్యం (కొలిచే లక్షణం ఉన్నవాళ్ల వాటా), 95 శాతం విశ్వాసం, అటూ ఇటూ 5 శాతం తేడా అనుకుంటే వచ్చేది 384. అది లాటరీ తీసినట్టు విద్యార్థుల్ని ఎంచుకుంటేనే. వాట్సాప్ గ్రూపులో విసిరితే వచ్చేది 384 అయినా 3,840 అయినా, జవాబివ్వాలని బుద్ధి పుట్టిన వాళ్ల లెక్క మాత్రమే. పోనీ క్లాసుల్ని లాటరీ తీసి, ఎంచుకున్న క్లాసులో అందరికీ ఇస్తారనుకుందాం. అప్పుడు క్లాసుకి 40 మంది, ఒకే క్లాసు వాళ్ల మధ్య పోలిక 0.05 ఉన్నా డిజైన్ ఎఫెక్ట్ (గుంపులుగా ఎంచుకున్నందుకు శాంపిల్‌ని ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే అంకె) 1 + 39 × 0.05 = 2.95 అవుతుంది. 384 కాస్తా 1,133 అయి కూర్చుంటుంది.

#3 ఫిజియో_అక్క

ఆ 300 నిమిషాల జవాబు నాకు బాగా పరిచయం. ప్రశ్నలో అడిగేది "ఆ రోజుల్లో ఒక రోజున మామూలుగా ఎంతసేపు" అని. చదివేవాళ్లు సగం చదివి వారం మొత్తానికి కలిపి రాసేస్తారు. రోజుకి గంట చొప్పున 5 రోజులు ఆడితే 300 కదా, అదీ సంగతి.

నిజానికి మోస్తరు శ్రమకి 4 మెట్ లెక్కన 4 × 60 × 5 = 1,200 మెట్-నిమిషాలు. మీ ఎక్సెల్ షీటేమో 300ని 180కి కుదించి 4 × 180 × 5 = 3,600 అంటుంది. మూడింతలు! కానీ వర్గం చూడండి. రెండు లెక్కల్లోనూ ఆమె లేదా అతను 'మధ్యస్థం'లోనే ఉంటారు, ఎందుకంటే 'అధికం' కావాలంటే తీవ్ర శ్రమ అయినా ఉండాలి, లేదా 7 రోజుల పాటు ఏదో ఒకటి చేసి 3000 అయినా దాటాలి. నిమిషాలు తప్పినా వర్గం తప్పలేదు. నన్నడిగితే ఐప్యాక్‌ని తూకం రాయిలా వాడొద్దు, జల్లెడలా వాడండి.

నివారణ సులువే. ఆన్‌లైన్ ఫారంలో గంటలు ఒక గడిలో, నిమిషాలు ఇంకో గడిలో అడగండి. కింద "అంటే వారానికి మొత్తం 25 గంటలు. సరేనా?" అని దానంతటదే లెక్క కట్టి చూపించేలా పెట్టండి. 25 గంటలు కళ్లబడగానే చాలామంది వెనక్కెళ్లి దిద్దుకుంటారు.

#4 బ్యాండ్_బాబు

ఈ రోజుల్లో ఇంకా ప్రశ్నావళి ఏంటి బాస్? సగం మంది చేతికి స్మార్ట్ బ్యాండ్ ఉంది, లేనివాళ్ల జేబులో ఫోన్ ఉంది. వారం రోజుల అడుగుల స్క్రీన్‌షాట్ పంపమంటే అయిపోయె. 10,000 దాటితే చురుకు, లేకపోతే బద్ధకం. ఖేల్ ఖతం.

#5 ఫిజియో_అక్క

తమ్ముడూ, ఆ 10,000 పరిశోధనలో తేలిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్‌కి 'మాన్‌పో-కెయ్' అని పేరు పెట్టారు, అంటే పదివేల అడుగుల మీటరు. అలా ప్రచారంలోకి వచ్చింది. తర్వాత 2004లో ట్యూడర్-లాక్, బాసెట్ అనే పరిశోధకులు కలిసి మెట్లు మెట్లుగా వర్గాలు ఇచ్చారు: 5,000 లోపు కదలిక లేనివాళ్లు, 7,500 లోపు తక్కువ, 10,000 లోపు ఓ మాదిరి, ఆపైన చురుకు, 12,500 దాటితే బాగా చురుకు. వాడితే అవి వాడండి.

స్క్రీన్‌షాట్‌తో చిక్కులు వేరే ఉన్నాయి. బ్యాండ్ కొనుక్కున్నవాళ్లు అప్పటికే అడుగుల మీద ధ్యాస ఉన్నవాళ్లు. ఒక కంపెనీ బ్యాండ్ అడుగు అన్నది ఇంకో కంపెనీకి అడుగు కాకపోవచ్చు, లోపల లెక్క ఎలా కడుతుందో వాళ్లు బయట పెట్టరు, మధ్యలో అప్‌డేట్ వచ్చిందంటే మొదటి వారం లెక్క వేరు, రెండో వారం లెక్క వేరు. ఫోన్ సంగతి మరీనూ. ఫుట్‌బాల్ ఆడేవాడు ఫోన్ బ్యాగులో పెట్టి గ్రౌండ్‌లోకి దిగుతాడు. అతను బాగా కదిలిన గంటే ఫోన్‌కి తెలియదు.

#6 పరుగు_పంతులు

వ్యాయామ విద్య బోధిస్తాను. ఇంత తర్జనభర్జన ఎందుకో నాకు అర్థం కాదు. గ్రౌండ్‌కి తీసుకురండి, 20 మీటర్ల షటిల్ రన్ (బీప్‌ని అందుకుంటూ 20 మీటర్ల గీతల మధ్య అటూ ఇటూ పరుగు) పెట్టండి, లేదా కూపర్ 1968లో చెప్పిన 12 నిమిషాల పరుగు పెట్టండి. ఎవడు కదులుతున్నాడో ఎవడు మంచానికి అతుక్కుపోయాడో గంటలో తేలిపోతుంది. కాగితం అబద్ధమాడుతుంది, ఊపిరితిత్తులు ఆడవు.

#7 గణాంకాల_గోల

మాస్టారూ, మీరు కొలిచేది దారుఢ్యం. ఆయన అడుగుతున్నది అలవాటు. కొందరికి పుట్టుకతోనే మంచి గుండె, ఊపిరితిత్తులు వస్తాయి, ఏమీ చేయకుండానే మీ షటిల్‌లో చాలా దూరం వెళ్తారు. రోజూ గంట నడిచే అమ్మాయి అక్కడ త్వరగా ఆగిపోవచ్చు. రెండూ ముడిపడినవే, కానీ ఒకదాని బదులు ఇంకొకటి రాయలేం.

#8 పరుగు_పంతులు

ఒప్పుకుంటాను, కానీ సగమే. అలవాటు తెలుసుకుని ఏం చేస్తారు చివరికి? ఆరోగ్యం కోసమే కదా. దానికి దారుఢ్యమే దగ్గర. ఇంకో మాట. మా విభాగం పిల్లల్ని శాంపిల్‌లో కలిపితే మొత్తం ఫలితం తారుమారవుతుంది, వాళ్లని విడిగా చూపించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జీప్యాక్ (ఇలాంటిదే ఇంకో ప్రశ్నావళి) వాడితే ఇంకో తిరకాసుంది. అందులో 'పని' అంటే చదువు, శిక్షణ కూడా. మా పిల్లలు ప్రాక్టికల్ క్లాసులో ఆడిన ఆటని పని కింద రాయాలా, వినోదం కింద రాయాలా అని తల గోక్కుంటారు. ఒకసారి అక్కడా, ఒకసారి ఇక్కడా రెండుసార్లు రాసేవాళ్లూ ఉంటారు.

#9 మౌన_పాఠకురాలు

ఇక్కడ చదవడమే తప్ప రాయను. ఇలాంటి ఫారాలు నింపిన విద్యార్థినిగా ఒక మాట చెప్పాలనిపించింది.

మాకు క్లాసు చివర్లో ఇచ్చారు. ఇంకో క్లాసుకి బెల్ కొట్టేశారు. మేడమ్ బల్లల మధ్య తిరుగుతూ "త్వరగా, త్వరగా" అంటున్నారు. నా పక్కనమ్మాయి తీవ్ర శ్రమ దగ్గర ముందు 0 వేసింది, తర్వాత నా కాగితం వైపు చూసి, కొట్టేసి 3 వేసింది. నేను వేసింది 2. ఆ 2 కూడా ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఏమీ చేయనట్టు కనపడటం బాగోదని. పైగా ఆ ముందు వారమంతా ఇంటర్నల్ పరీక్షలు. "గత 7 రోజుల్లో" అని అడిగితే నిజం రాస్తే లైబ్రరీ కుర్చీ తప్ప ఏమీ లేదు. అందరం మామూలు రోజుల్ని ఊహించుకుని రాశాం.

పేరు అడగలేదు, కానీ రోల్ నంబరు అడిగారు. పేరు అడగనట్టా అది?

#10 డేటా_దాసు

#9కి దండం. కొత్త పరిశోధకులకి ముందు చూపించాల్సిన పోస్టు అది.

నేను #1లో ఉన్న మూడో మనిషి గురించి మాట్లాడతాను, ఎవరూ పట్టించుకోలేదు. అన్నిటికీ సున్నా పెట్టిన అమ్మాయి. అందరూ ఆ ఫారాన్ని నిర్లక్ష్యం కింద కొట్టేస్తారు. నా లెక్కలో మీ పైలట్‌లో ప్రశ్నని అక్షరాలా చదివి జవాబిచ్చింది ఆమే కావచ్చు.

ఐప్యాక్ ఏమని అడుగుతుంది? "ఏకబిగిన కనీసం 10 నిమిషాలు నడిచిన రోజులెన్ని" అని. హాస్టల్ నుంచి మెస్‌కి 3 నిమిషాలు. మెస్ నుంచి బ్లాకుకి 6 నిమిషాలు. రెండో అంతస్తుకి మెట్లు, ఒక నిమిషం. ల్యాబ్‌కి 4. మళ్లీ వెనక్కి. క్యాంటీన్‌కి, లైబ్రరీకి, జిరాక్స్ దగ్గరికి. సాయంత్రానికి గంటకి దగ్గర నడక పోగవుతుంది, కానీ అందులో ఒక్క ముక్కా 10 నిమిషాలు లేదు. ప్రశ్నని జాగ్రత్తగా చదివితే సున్నా, గాలికి చదివితే 60 నిమిషాలు. ఇద్దరూ ఒకే దారిలో నడిచే రూమ్‌మేట్లే అయుండొచ్చు.

ఈ 10 నిమిషాల నిబంధన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మార్గదర్శకాల్లో ఉండేది. 2020లో తీసేశారు. ఇప్పుడు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ, ఎంత చిన్న ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుంది. ఐప్యాక్ రూపుదిద్దుకున్నది 1998 ప్రాంతంలో. అంటే మీరు పాత నిబంధనతో కొలిచి, కొత్త మార్గదర్శకంతో పోల్చి "ఇంత శాతం మంది సరిపడా కదలడం లేదు" అని రాయబోతున్నారు. చిన్న చిన్న నడకలతో రోజు గడిచే క్యాంపస్‌లో ఈ తేడా చిన్నది కాదు. వైవాలో నేనుంటే అడిగే మొదటి ప్రశ్న ఇదే.

#11 థీసిస్_తిప్పలు

దాసు గారూ, ఆ అమ్మాయినే అడిగాను. అక్షరాలా మీరు చెప్పిందే చెప్పింది. "10 నిమిషాలు ఆగకుండా నడిచే దూరం మన క్యాంపస్‌లో ఎక్కడుంది" అని నన్నే ఎదురడిగింది.

అయితే ఐప్యాక్ వదిలేయాలా? గైడ్ గారు ఒప్పుకోరు. ఇంకో విభాగంలో నడుముకి కట్టే యాక్సిలరోమీటర్లు (కదలికని కొలిచే పరికరాలు) కొన్ని ఉన్నాయట, అడిగితే ఇవ్వొచ్చు. అవి నమ్మొచ్చా?

#12 డేటా_దాసు

వదలకండి. దాని బలం, బలహీనత ఎంతో ముందే తెలుసు, అదే దాని మంచి. 12 దేశాల్లో పరీక్షించి 2003లో ప్రచురించారు. మళ్లీ మళ్లీ అడిగితే ఒకే జవాబు వచ్చే గుణం 0.8 దాకా ఉంది (1 అయితే పూర్తి పొంతన). యాక్సిలరోమీటర్‌తో పోలిక మాత్రం 0.3 దగ్గరే ఆగింది. చిన్న ఫారం మీద 2011లో వచ్చిన ఒక సమీక్ష, పరికరాలతో పోలిస్తే ఇది సగటున 84 శాతం ఎక్కువ చూపిస్తోందని తేల్చింది.

అలాగని పరికరం దేవుడేం కాదు. యాక్టిగ్రాఫ్ (ఒక కంపెనీ యాక్సిలరోమీటర్) లాంటిది నిమిషానికి ఇన్ని 'కౌంట్లు' అని, అంటే కదలిక ఎంతో చెప్పే అంకెలు ఇస్తుంది. ఎన్ని కౌంట్లు దాటితే మోస్తరు శ్రమ? ఫ్రీడ్‌సన్ బృందం 1998లో ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరిగెత్తించి 1,952 అంది. ట్రోయానో బృందం 2008లో 2,020 వాడింది. ఇలాంటి హద్దు గీతలు వేరేవీ ఉన్నాయి. ఒకే ఫైలు మీద గీత మారిస్తే మీ విద్యార్థి ఒక గీతతో చురుకు, ఇంకో గీతతో బద్ధకం. ఆ ట్రోయానో పత్రంలోనే అమెరికా వయోజనుల్లో సిఫారసు అందుకున్నవాళ్లు 5 శాతం కూడా లేరు, నోటితో అడిగితే అంతకి ఎన్నో రెట్లు. ఆ తేడా అంతా మనుషుల గొప్పలే అనుకోకండి, కొంత 10 నిమిషాల నిబంధన చలవ, కొంత గీత చలవ.

నడుముకి కట్టినది సైకిల్ తొక్కితే పట్టుకోదు. బరువులెత్తితే పట్టుకోదు. ఈతకి తీసేస్తారు. మీ క్యాంపస్‌లో సైకిళ్లు ఎక్కువైతే దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

#13 ఫిజియో_అక్క

కూర్చునే సమయం కూడా మీ లక్ష్యాల్లో ఉంటే ఇంకో చేదు నిజం. నడుము మీటరుకి కదలకుండా నిలబడటం, కూర్చోవడం రెండూ ఒకటే. దానికి తొడకి అంటించే యాక్టివ్‌పాల్ లాంటివి కావాలి, తొడ వాలుని బట్టి అవి చెబుతాయి. అవి దొరక్కపోతే ఐప్యాక్ చివరి ప్రశ్నతో సరిపెట్టుకుని, "కూర్చున్న సమయం వాళ్లు చెప్పినదే" అని స్పష్టంగా రాయండి.

#14 బ్యాండ్_బాబు

మరి డబుల్ లేబుల్డ్ వాటర్ అని ఏదో ఉందిగా, అన్నిటికంటే కచ్చితమైనది? అది తాగించెయ్.

#15 డేటా_దాసు

బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్-18 ఉన్న నీళ్లు తాగించి మూత్రం పరీక్షిస్తారు. మొత్తం ఎంత శక్తి ఖర్చయిందో అద్భుతంగా చెబుతుంది. అది పరుగు వల్లా, మెట్లెక్కడం వల్లా, ఎప్పుడు ఖర్చయిందీ మాత్రం చెప్పదు. దాని ఖరీదుకి పీజీ థీసిస్ కాదు, ల్యాబే అమ్ముకోవాలి.

#16 గణాంకాల_గోల

ఒక చారిత్రక విషయం, మీ పరిచయ అధ్యాయానికి పనికొస్తుంది. చదువుకున్నవాళ్లని ప్రశ్నావళితో కొలవడం తక్కువ పనేమీ కాదు. పాఫెన్‌బార్గర్ అనే పరిశోధకుడు హార్వర్డ్ పూర్వ విద్యార్థుల్ని అడిగినవి చాలా మామూలు ప్రశ్నలు: రోజుకి ఎన్ని మెట్లు ఎక్కుతారు, ఎన్ని వీధులు నడుస్తారు, ఏ ఆటలు ఆడతారు. దాంతోనే దాదాపు 17 వేల మంది మీద 1978లో గుండెపోటుకీ శ్రమకీ ఉన్న లంకె చూపించాడు. ఒక్కొక్కరి నిమిషాలు కచ్చితంగా తెలియకపోయినా, బాగా కదిలేవాళ్లనీ కదలనివాళ్లనీ విడదీయగలిగాడు. మీ ప్రశ్న కూడా అలాంటిదైతే ప్రశ్నావళి చాలు. "మా విద్యార్థుల్లో ఇంత శాతం మంది 150 నిమిషాలు అందుకోవడం లేదు" అని అంకె వేసి చెప్పాలంటే చాలదు.

#17 థీసిస్_తిప్పలు

ఇప్పుడు దారి కనపడుతోంది. ఐప్యాక్ అందరికీ, క్లాసుల్ని లాటరీ తీసి. అందులోంచి మళ్లీ లాటరీ తీసి కొందరికి యాక్సిలరోమీటర్. పరికరాలు కొన్నే కాబట్టి వారం వారం తిప్పుతాను. రోల్ నంబరు తీసేసి కోడ్ ఇస్తాను. పరీక్షల వారం వదిలేస్తాను.

#18 గణాంకాల_గోల

బాగుంది. కొన్ని జాగ్రత్తలు. పరికరం కట్టుకున్న ఆ 7 రోజులు అయ్యాక, 8వ రోజునే ఐప్యాక్ నింపించండి. అప్పుడే రెండూ ఒకే వారాన్ని చూస్తాయి. రోజుకి కనీసం 10 గంటలు కట్టుకున్న రోజులు 4 ఉంటేనే లెక్కలోకి తీసుకోవడం ఆనవాయితీ, అందులో ఒక సెలవు రోజు ఉండేలా చూడండి. వరసగా సున్నాలు వచ్చిన సమయంలో పరికరం తీసేసి పెట్టారా, కదలకుండా కూర్చున్నారా తేల్చడానికి 60 నిమిషాల నియమం ఒకటి, 90 నిమిషాలది ఒకటి ఉన్నాయి. గంటల తరబడి కదలకుండా చదివేవాళ్లు మీ శాంపిల్‌లో ఉంటారు కాబట్టి నేనైతే 90 తీసుకుంటాను. ఏ గీతతో కోస్తారో డేటా రాకముందే రాసి గైడ్‌తో సంతకం పెట్టించుకోండి.

రెండింటినీ పోల్చేటప్పుడు కోరిలేషన్ (రెండు కొలతలు కలిసి ఎంత పెరుగుతాయో చెప్పే అంకె) ఒక్కటే ఇచ్చి ఊరుకోవద్దు. అందరూ రెట్టింపు చెప్పినా కోరిలేషన్ దివ్యంగా వస్తుంది. బ్లాండ్-ఆల్ట్‌మన్ పటం (రెండు కొలతల సగటుకి ఎదురుగా వాటి తేడా చూపే పటం) గీయండి, తేడా ఎటు వాలిందో, శ్రమ పెరిగేకొద్దీ అది ఎలా విచ్చుకుంటుందో కంటికి కనపడుతుంది.

పరీక్షల వారం మాత్రం పూర్తిగా వదలొద్దు. విద్యార్థి జీవితంలో అదీ భాగమే. మామూలు వారాల్లో సర్వే చేసి, వీలైతే అదే క్లాసుల్లో కొన్నింటిని పరీక్షలప్పుడు ఇంకోసారి అడగండి. ఆ పట్టిక ఒక్కటే పేపర్ అవుతుంది.

#19 పరుగు_పంతులు

ఆ లాటరీలో వచ్చిన పిల్లల్ని ఒక్క సాయంత్రం గ్రౌండ్‌కి పంపండి, షటిల్ రన్ నేను చేయిస్తాను. మీ కాగితం, మీ డబ్బా, నా ఈల, మూడూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

#20 థీసిస్_తిప్పలు

మాస్టారూ, ఈ ఆఫర్ వదులుకోను. ఎథిక్స్ కమిటీకి పంపే కాగితాల్లో ఇప్పుడే చేరుస్తాను. ఇంకొక్క సందేహం. పరికరం కట్టుకున్నవాళ్లు తమ అంకెలు చూపించమని అడుగుతారు. చూపించవచ్చా?

#21 ఫిజియో_అక్క

చూపించాలి, వాళ్ల డేటా అది. కానీ వారం అయ్యాక, ఐప్యాక్ నింపి ఇచ్చాక. మధ్యలో అంకె కనపడితే సాయంత్రం రెండు రౌండ్లు ఎక్కువ తిరుగుతారు, కట్టుకున్న మొదటి రోజు ఎలాగూ కాస్త ఎక్కువే తిరుగుతారు. అందుకే పరికరంలో డిస్‌ప్లే ఉంటే ఆపేసి ఇవ్వండి. స్నానానికి, ఈతకి తీసిన సమయాలు రాసుకోవడానికి చిన్న కాగితం ఒకటి ఇవ్వండి, ఫోన్‌లో కాదు, బెల్టు పెట్టే కవర్లోనే. తీసినప్పుడే చేతికి అందుతుంది.